ఒక్క కట్ట, 180 గంటలు: సిక్కోలు, విజయనగరాల్లో చరిత్ర ఇంటర్న్‌షిప్ చేసేవాళ్లకు

డిగ్రీ ప్రాజెక్టు రిపోర్టు అట్ట మీద ‘మా ఊరి చరిత్ర’ అని పేరుంటే లోపల ఏముందో తెరవకుండానే చెప్పొచ్చు. మొదటి పేజీలో ఊరికి ఆ పేరెలా వచ్చిందన్న కథ, తర్వాత స్థలపురాణం, మూడు నుంచి పది దాకా వికీపీడియా, చివర్లో సర్పంచ్‌తో ఫొటో. పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు, వాళ్లకిచ్చిన పనే అలాంటిది. మన రాష్ట్రంలో డిగ్రీ చదివేవాళ్లకు మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక ఇంకో చిన్న ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత పూర్తి సెమిస్టరు. మొదటిదానికి కేటాయించింది 180 గంటలు. రోజుకి ఆరు గంటల లెక్కన ముప్ఫై రోజులు. అంత వ్యవధిలో ఊరి చరిత్ర తేలదు. ఒక రిజిస్టరు సంగతి తేలుతుంది, ఒక ఉత్తరాల కట్ట తేలుతుంది. ఒక పత్రిక పదేళ్ల సంచికల పట్టికైతే ఖాయంగా తేలుతుంది.

కాబట్టి పని మొదలయ్యేది అంశంతో కాదు, వస్తువుతో. ఎవరింట్లోనో అటక మీదున్న, ఊరి శిస్తు లెక్కలు రాసిన కరణంగారి కాగితాల కట్ట కావచ్చు. గ్రంథాలయంలో కొత్తగా చేరిన పుస్తకాల్ని నమోదు చేసిన పాత చేర్పుల పుస్తకం, సహకార సంఘం మినిట్స్, నాటక సమాజం కరపత్రాలు కావచ్చు. చేతికి దొరికేదై ఉండాలి, రెండు వందల పేజీలకు మించకూడదు, సొంతదారు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఈ మూడూ కుదిరితేనే మొదలుపెట్టండి.

గంటల్ని ఇలా పంచుకుంటే నడుస్తుంది: అనుమతులకీ శిక్షణకీ 20, ఫొటోలు తీయడానికి 40, చదివి ఎత్తిరాయడానికి 70, రెండో మనిషి సరిచూడ్డానికి 30, ముందుమాటకీ సూచికకీ 20. గొలుసుకట్టు రాత కొత్తగా చదివేవాళ్లకి పేజీకి ముప్పావు గంట పడుతుంది. అంటే 70 గంటల్లో 90 పేజీలు. నలుగురు విద్యార్థులు కలిస్తే 200 పేజీల కట్ట హాయిగా పూర్తవుతుంది. ఒక్కరే అయితే ముందే 80 పేజీల దగ్గర గీత గీసుకోవడం మేలు.

చేతిరాత జోలికి వెళ్లలేమనుకునే వాళ్లకి అచ్చు పత్రికల పట్టిక మంచి పని. కాళీపట్నం రామారావు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో ప్రారంభించిన తెలుగు కథల గ్రంథాలయం ‘కథానిలయం’ నిలబడింది అలాంటి పట్టిక మీదే: ఏ కథ, ఎవరిది, ఏ పత్రిక, ఏ నెల. చూడ్డానికి గుమాస్తా పని. చేస్తే తెలుస్తుంది చిక్కు. విజయనగరం చాసో ఒక సంచికలో ‘చాసో’, ఇంకోచోట ‘చా.సో.’, మరోచోట ‘చాగంటి సోమయాజులు’ అని పడితే ఎక్సెల్ వాటిని ముగ్గురు రచయితలుగా లెక్కేస్తుంది. అందుకే రెండు గడులు ఉండాలి. ఒకదాంట్లో పత్రికలో పడ్డ పేరు పడ్డట్టే, రెండోదాంట్లో మీరు నిర్ణయించుకున్న ఒకే రూపం. మొదటి గడిని ఎప్పుడూ దిద్దకూడదు. ఆడపేరుతో రాసిన మగవాళ్ల సంగతి, కలంపేరు వెనక మనిషి తెలియని సంగతి ఆ రెండో గడిలోనే తేలుతుంది. తేలకపోతే ఖాళీగా వదిలేయాలి.

మన కాగితాలు ఎక్కడున్నాయి

ఈ జిల్లాల్లో పరిశోధన మొదలుపెట్టినవాళ్లు వారం రోజులు తిరిగి ఏమీ దొరకలేదనడానికి కారణం కాగితాలు లేకపోవడం కాదు. తప్పు జిల్లా పేరు కింద వెతకడం. శ్రీకాకుళం 1936 దాకా గంజాం జిల్లాలో ఉంది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు ఉత్తర భాగం అటు పోయి, ఇటు మిగిలింది విశాఖ జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. అందుచేత 1900 నాటి టెక్కలి సంగతి కావాలంటే విశాఖ కలెక్టరు కాగితాల్లో కాదు, గంజాం కాగితాల్లో చూడాలి. శ్రీకాకుళం పేరు అక్కడ ‘చికాకోల్’. కళింగపట్నం ‘కళింగపటం’, భీమిలి ‘బిమ్లిపటం’. పేరు ఎన్ని రకాలుగా రాశారో ఒక పట్టీ రాసుకుని జేబులో పెట్టుకోకపోతే సూచికలు చూసీ లాభం ఉండదు.

పార్వతీపురం వాళ్ల కష్టం ఇంకా పెద్దది. 1950 ముందు విశాఖ, 1979 దాకా శ్రీకాకుళం, 1979 జూన్ 1 నుంచి విజయనగరం, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం. ఊరు కదల్లేదు, జిల్లాలు నాలుగు మారాయి. పర్లాకిమిడి జమీ అయితే రెండు ముక్కలై, పట్టణం ఒరిస్సాకి వెళ్లింది, పాతపట్నం వైపు ఊళ్లు ఇటు ఉండిపోయాయి.

మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ స్థాయి ఫైళ్లు చాలామటుకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడికి వెళ్లేముందు అచ్చయిన పుస్తకాల్లో చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. విశాఖ జిల్లా మీద కార్మైకేల్ మాన్యువల్ (1869), ఫ్రాన్సిస్ గెజెటీర్ (1907), గంజాం మీద మాల్ట్‌బీ మాన్యువల్ (1882) ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫైళ్లు అడగడానికి కావలసిన పదజాలం, తాలూకాల హద్దులు వీటిలో ఉంటాయి. ఒక హెచ్చరిక: ఇవి దొరలు పాలన కోసం రాసుకున్న పుస్తకాలు. కులాల గురించి, కొండజాతుల గురించి వాళ్లన్నమాట ఆనాటి కలెక్టరు అభిప్రాయమే గాని ఊరి మాట కాదు.

ఊరి స్థాయి కాగితాల కథ వేరు. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఒక తాలూకా గదిలో ఉన్న కట్టలు అరడజను మండలాలకి పంచాల్సి వచ్చింది. కొన్ని ఆఫీసులకి చేరాయి, కొన్ని కరణాల ఇళ్లలోనే మిగిలాయి, కొన్ని చిత్తుకాగితాల వ్యాపారికి పోయాయి. అందుకే ‘ఆఫీసులో లేవు’ అన్నంత మాత్రాన లేనట్టు కాదు. ఊళ్లో పాత కరణం ఇల్లు ఎక్కడో పెద్దవాళ్లని అడగడం సగం పరిశోధన.

శాసనాలు కావాలనుకునేవాళ్లు రాళ్ల దగ్గరికి పరుగెత్తకముందు అచ్చులో ఉందేమో చూడాలి. పురావస్తు శాఖ ప్రచురించిన దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో ముఖలింగం, శ్రీకూర్మం శాసనాల పాఠాలు 5వ దానిలో, సింహాచలానివి 6వ దానిలో ఉన్నాయి. ముఖలింగమే కళింగాన్నేలిన గాంగ రాజుల రాజధాని కళింగనగరమని వాదించి నిలబెట్టిన వాళ్లలో గిడుగు రామమూర్తి ఒకరు. ఆయన పట్టుకున్న ఆధారం ఊరి పేరు మీద ఊహ కాదు, ఆ గుడి రాళ్ల మీది అక్షరాలు. రక్షిత కట్టడాల్లో రాతి మీద సుద్ద, నూనె, పిండి ఏదీ పూయకూడదు. రాతి మీది అక్షరాల్ని కాగితం మీదికి అచ్చు తీయడానికి శాఖ అనుమతి కావాలి. ఫొటోకయినా ముందు అడగడం మంచిది. సాయంత్రం పూట టార్చిలైటు రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వేస్తే, ఎండలో కనపడని గాట్లు నీడలతో లేచి కనిపిస్తాయి. నాలుగు వైపుల నుంచి నాలుగు ఫొటోలు తీసుకోండి, ఒక్కటి చాలదు.

తేదీలు: అందరూ జారిపడే చోటు

పాత కాగితం మీద ఇంగ్లీషు తేదీ ఉంటే అదృష్టమే. ఉండదు. రెవెన్యూ కాగితాల్లో ఉండేది ఫసలీ, అంటే శిస్తు లెక్కల ఏడాది. దానికి 590 కలపాలి, ఏడాది జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. ఫసలీ 1318 అంటే 1908 జూలై నుంచి 1909 జూన్ దాకా. ‘1908’ అని మాత్రమే రాసేసి, సంక్రాంతి నాటి ఖర్చుని ఒక ఏడాది వెనక్కి నెట్టేసిన రిపోర్టులు కోకొల్లలు.

శాసనాల్లో కనిపించే శక సంవత్సరానికి 78 కలపాలని అందరికీ తెలుసు. కొన్నిసార్లు 79 కలపాలని తెలియదు. గాంగ రాజు అనంతవర్మ చోడగంగదేవుడి పట్టాభిషేకం శక సంవత్సరం 999 కుంభమాసంలో జరిగింది. 78 కలిపితే 1077 వస్తుంది. కాని కుంభమాసం ఫిబ్రవరి దగ్గర పడుతుంది, శక సంవత్సరం ఉగాదికి గాని మారదు, కాబట్టి అది 1078 ఫిబ్రవరి. జనవరి నుంచి ఉగాది లోపు పడే తేదీలన్నిటికీ ఇదే లెక్క.

గాంగుల శాసనాల్లో ఇంకో వింత ఉంది. రాజ్య సంవత్సరాలు ‘అంకం’ అనే లెక్కలో ఉంటాయి. ఇందులో 1 ఉండదు, 6 ఉండదు, 6తో ముగిసేవి ఏవీ ఉండవు, సున్నాతో ముగిసేవాటిలో 10 తప్ప మిగతావీ ఉండవు. 25వ అంకం అని కనిపిస్తే 1, 6, 16, 20 తీసేయాలి. అసలు రాజ్యమేలుతున్నది 21వ ఏడు. ఈ సంగతి తెలియకుండా వంశవృక్షం గీస్తే తండ్రి చనిపోకముందే కొడుకు గద్దెనెక్కుతాడు.

ఇళ్లలో దొరికే ఉత్తరాల మీద తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటుంది. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. ‘విరోధి’ అంటే 1889-90 కావచ్చు, 1949-50 కావచ్చు. లోపల చూడాలి. స్టాంపు మీద రాణి ఉందా, అశోకుడి సింహాలున్నాయా? అణాలున్నాయంటే 1957 ఏప్రిల్‌కి ముందుదని నమ్మొచ్చు, అయితే జనం నోట్లో అణా ఆ తర్వాతా చాలాకాలం ఉంది. ఒక్క ఆధారంతో తేల్చకండి, రెండు కావాలి.

లెక్కల పుస్తకం దగ్గర మరీ జాగ్రత్త. పాత తెలుగు లెక్కల్లో నిలువు గీతలు పావులకి, అడ్డగీతలు పదహారో వంతులకి గుర్తులు. ‘౩౺౼’ అని ఉంటే అది మూడు తర్వాత గీసిన చిత్తుగీతలు కావు. మూడు రూపాయలు, రెండు నిలువు గీతలకి అర్ధరూపాయి, ఒక అడ్డగీతకి ఒక అణా, వెరసి మూడు రూపాయల తొమ్మిది అణాలు. విద్యార్థులు ఆ గీతల్ని కొట్టివేత అనుకుని వదిలేస్తారు, పేజీ అడుగున మొత్తం కలవదు, ‘కరణం లెక్క తప్పాడు’ అని రాసేస్తారు. పాపం కరణం! ప్రతి పేజీ మొత్తాన్ని మీరే కూడి చూడండి. కలిస్తే మీ చదువు సరైనదే. కుంచం, తూము, గరిసె లాంటి కొలతల్ని మాత్రం కిలోల్లోకీ ఎకరాల్లోకీ మార్చకండి. ఊరికో కుంచం ఉండేది. ఉన్నది ఉన్నట్టు రాసి వదిలేయడమే నిజాయితీ.

కట్ట విప్పడం, ఫొటో తీయడం

చేతులు కడుక్కుని పూర్తిగా ఆరబెట్టుకోవాలి. కాగితానికి తొడుగులక్కర్లేదు, తొడుగుతో అంచు తెలియక చింపేవాళ్లే ఎక్కువ. పాత ఫొటోలకి మాత్రం తొడుగులు వేసుకోవాలి. విప్పకముందే కట్టకి నాలుగు వైపులా ఫొటో తీయాలి, ఎందుకంటే ఏ కాగితం దేని కింద ఉందన్నదీ ఒక సాక్ష్యమే. తేదీల వారీగా పేర్చేస్తే ఆ సాక్ష్యం పోతుంది. పెన్సిలు తప్ప పెన్ను దగ్గరకి రానీయకండి. చిరిగినచోట సెలోటేపు వేయడం అన్నిటికంటే పెద్ద అపచారం. పదేళ్లకి జిగురు పసుపెక్కి అక్షరాల్లోకి ఇంకుతుంది. చెదలు కనిపిస్తే కిరసనాయిలు చల్లకండి, ఆ కట్టని మిగతావాటి నుంచి వేరుచేసి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టండి. తాటాకులకు పసుపు, నిమ్మగడ్డి నూనె పెట్టే అలవాటుంది. పెట్టడం తెలిసినవాళ్లే పెట్టాలి, ఇంటర్న్ పని కాదది.

మన తీరంలో తుపాను లెక్క లేకుండా ఏ పనీ వేసుకోలేం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. తడిసిన కాగితాల్ని ఎండలో పెడితే ముడుచుకుపోతాయి, సిరా కూడా వెలిసిపోతుంది. నీడలో ఫ్యాను కింద, మధ్యలో అచ్చులేని తెల్లకాగితం లేదా బ్లాటింగు పెట్టి గంటకోసారి మార్చాలి. రెండు రోజుల్లో ఆరవనిపిస్తే పాలిథీన్ సంచిలో చుట్టి డీప్ ఫ్రీజర్లో పెట్టేయండి. బూజు ఆగుతుంది, తీరిగ్గా తర్వాత ఆరబెట్టుకోవచ్చు.

ఫొటోలకి స్కానరే అక్కర్లేదు. 12 మెగాపిక్సెళ్ల ఫోను ఫుల్‌స్కేప్ పేజీ ఒక్కటి నిండుగా తీస్తే అంగుళానికి దాదాపు 300 చుక్కలు వస్తాయి. చదవడానికీ అచ్చుకీ అది చాలు. తొందరపడి తెరిచిన రెండు పేజీలూ ఒకే ఫొటోలో తీస్తే అది 220 దగ్గరికి పడిపోతుంది, సన్నటి పెన్సిలు రాత కనపడదు. ఫోనుని స్టాండుకి బిగించి, కింద నల్లగుడ్డ పరిచి, రెండు పక్కలా దీపాలు 45 డిగ్రీల వాలులో పెట్టాలి. పేజీ పక్కన స్కేలు కూడా పడాలి. స్కానింగ్ యాప్‌లలో ‘ఆటో’ మెరుగుదల ఆపేయాలి. అది కాగితాన్ని తెల్లగా చేసే ఉత్సాహంలో వెలిసిన సిరానీ, స్టాంపు ముద్రనీ తినేస్తుంది. ఫైలు పేరులో అంకెలకి ముందు సున్నాలు పెట్టండి: 0002, 0010. లేకపోతే కొన్ని ప్రోగ్రాములు 10ని 2కి ముందు పెడతాయి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత చస్తుంది, డాక్యుమెంటుగా పంపాలి. మూడు నకళ్లు ఉంచి, ఒకటి వేరే ఊళ్లో పెట్టండి.

ఎత్తిరాయడం

ఉన్నది ఉన్నట్టు. ఈ ఒక్క మాట నిలబెట్టుకోవడం ఎంత కష్టమో మొదటి రోజే తెలుస్తుంది. అరసున్న, బండిర, ‘వొచ్చేను’, ‘యిచ్చినారు’ ఏవీ దిద్దకూడదు. చదవలేనిచోట చదరపు బ్రాకెట్లలో చుక్కలు, అనుమానమైతే ప్రశ్నార్థకం. ఒకరు చదివింది ఇంకొకరు ఫొటో చూసి సరిచూడాలి. రాసినవాళ్లే సరిచూసుకుంటే తప్పు కంటికి ఆనదు. పాత పుస్తకాల్ని ఎత్తిరాసి పెట్టే వెబ్‌సైట్ తెలుగు వికీసోర్స్‌లో అచ్చు పుస్తకాల పేజీలు పసుపు (ఒకరు చూసినవి) నుంచి ఆకుపచ్చకి (ఇద్దరు చూసినవి) మారాలంటే రెండో మనిషి చూడాల్సిందే, అదే పద్ధతి ఇక్కడా పెట్టుకోండి. చేతిరాతకి ఓసీఆర్ (ఫొటోలోని అక్షరాల్ని కంప్యూటరే చదివే పద్ధతి) మీద ఆశ పెట్టుకోకండి. పాత అచ్చుకి పనికొస్తుంది గాని ‘మ’, ‘వు’ల దగ్గరా, ఒత్తుల దగ్గరా తడబడుతుంది.

మాట రికార్డు చేసేటప్పుడూ ఇదే నియమం. ‘గుంటడు’ అన్నదాన్ని ‘కుర్రాడు’ చేయకండి, ‘ఏటి’ని ‘ఏమిటి’ చేయకండి. గంట రికార్డింగుని ఎత్తిరాయడానికి ఆరు గంటలు పడుతుంది, ఆ లెక్కన ఎంతమందిని కలవాలో నిర్ణయించుకోండి. ‘ఆ రోజుల్లో ఎలా ఉండేది?’ అంటే ‘బాగుండేది బాబూ’ అన్న జవాబే వస్తుంది. పొందూరులో నూలు వడికే పెద్దమ్మ చేతికి వాలుగ చేప దవడ ఎముక ఇచ్చి, కొండపత్తి ఎలా ఏకుతారో చేసి చూపించమంటే, ఎముక ఎక్కడ దొరికేది, ఎన్నాళ్లు వచ్చేది, కూలి ఎవరిచ్చేవారు అన్నీ వాటంతటవే వస్తాయి.

అచ్చుకి వెళ్లేముందు

కట్ట ఇచ్చినవాళ్లు కాగితానికి సొంతదారులు. అందులోని రాతకి హక్కుదారు రాసినవాళ్లు, వాళ్ల తర్వాత వారసులు. ఈ రెండూ ఒకటి కావు. బతికుండగా ప్రచురించిన రచనకి రచయిత పోయిన తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు కాబట్టి ‘కన్యాశుల్కం’ ఎవరైనా వేసుకోవచ్చు. ఎన్నడూ అచ్చుకాని ఉత్తరాల సంగతి అంత తేలిక కాదు, రచయిత పోయాక మొదటిసారి అచ్చయితే 60 ఏళ్ల లెక్క ఆ అచ్చు నుంచి మొదలవుతుంది. అందుకే వారసుల సంతకం తీసుకోవాలి.

హక్కులున్నా అచ్చు వేయకూడనివీ ఉంటాయి. ఫలానా సర్వే నంబరు ఫలానా ఇంటిపేరుది అని వందేళ్ల నాటి రిజిస్టరు నుంచి ఎత్తి వేస్తే, మర్నాటికి అది కోర్టు కాగితం అవుతుంది. అప్పు పత్రాలు, కులం పేరుతో రాసిన తిట్లు, బడి రిజిస్టర్లలో పిల్లల వివరాలు కూడా అంతే. మొత్తాల్ని వాడుకోండి, పేర్లు మూల ప్రతిలోనే ఉండనివ్వండి.

పుస్తకం చిన్నదిగా ఉండాలి. డెమ్మీ ఎనిమిదో వంతు సైజులో 16 పేజీలకి ఒక ఫారం. 64 పేజీలంటే నాలుగు ఫారాలు. 67 పేజీలు అయితే ఐదో ఫారంలో 13 పేజీలు ఖాళీ, డబ్బు దండగ. మూడు పేజీలు కుదించండి. లోపల 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) మాప్లిథో కాగితం, అట్టకి 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు సరిపోతాయి. మూడు వందల కాపీల లోపయితే డిజిటల్ ముద్రణ చవక, పైనయితే ఆఫ్‌సెట్. డీటీపీ (పేజీల అమరిక) దగ్గర యూనికోడ్ పాఠాన్ని పాత తరహా ‘అను’ ఫాంట్లలోకి మారిస్తే లెక్కల్లోని ఆ నిలువు, అడ్డ గీతలు మాయమవుతాయి, అరసున్నలు గళ్లవుతాయి. ప్రూఫుని మీ పాఠంతో కాదు, మూల ఫొటోతో పోల్చి చూడాలి. పేర్ల సూచిక చివరి పేజీ అమరిక అయ్యాకే కట్టాలి.

పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం, రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసుకోవాలి. అచ్చయ్యేముందే చేయాలి, పుస్తకం చేతికొచ్చాక స్టిక్కరు అంటించడం చూడ్డానికీ బాగోదు. గ్రంథాలయాలకి పుస్తకాలు అందజేయాలనే 1954 చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒకటి, చెన్నై కన్నెమరా సహా మరో మూడు గ్రంథాలయాలకి ఒక్కోటి పంపాలి. మన ప్రాంతంలో ఎంతోమంది ఈ పని చేయరు, వాళ్ల పుస్తకాలు పదేళ్లకే ఎక్కడా దొరకవు.

మిగిలింది కట్ట వెనక్కివ్వడం. తీసుకున్న రోజు రాసుకున్న పట్టీ పక్కన పెట్టుకుని, సొంతదారు ఎదురుగా ఒక్కో కాగితం లెక్కపెట్టి, అదే వరుసలో పేర్చి, ఇద్దరూ సంతకాలు చేయాలి. పాత జనపతాడు అంచుల్ని కోసేస్తుంది, వెడల్పాటి నూలు నాడాతో కట్టండి. పుస్తకం మొదటి కాపీ ఆ కట్ట పక్కనే, అదే అటక మీదికి వెళ్తుంది.